మధుమేహం ఉన్నవారి తిమ్మిర్లన్నీ మధుమేహం వల్లనే రావు: ఒక కేస్ స్టడీ

కాళ్ళలో తిమ్మిర్లతో వచ్చిన వ్యక్తికి పదేళ్లుగా మధుమేహం ఉందని తెలియగానే, చాలా సందర్భాల్లో రోగ నిర్ధారణ అక్కడితో ముగిసిపోతుంది. ఎక్కువ మందిలో ఆ నిర్ధారణ సరైనదే, ఎందుకంటే చేతులు కాళ్ళకు వెళ్లే నరాలు దెబ్బతినడానికి ఉన్న కారణాల్లో మధుమేహం అన్నిటికన్నా సాధారణమైనది. అయితే, డయాబెటిక్ న్యూరోపతి అనే పేరు కేస్ షీటు మీద ఒకసారి పడ్డాక, ఆ కాళ్ళను మళ్ళీ శ్రద్ధగా పరీక్షించేవారు తగ్గిపోతారు. అదే లక్షణాలతో మొదలై, సకాలంలో గుర్తిస్తే బాగుపడగలిగే మరో వ్యాధి అలాంటి పేరు వెనుక ఎలా ఉండిపోగలదో, దాన్ని రిఫ్లెక్స్ సుత్తి, ట్యూనింగ్ ఫోర్క్ వంటి మామూలు పరికరాలు ఎలా బయటపెట్టగలవో ఈ కేసు స్పష్టంగా చూపిస్తుంది. రోగిని గుర్తుపట్టడానికి వీలైన వివరాలను మార్చి రాస్తున్నాను.

రోగి చెప్పిన విషయాలు

ఆమె వయసు 56 ఏళ్లు. వృత్తి దర్జీ పని. 11 ఏళ్లుగా మధుమేహం ఉంది, మొదటి నుంచీ చక్కెరను తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు, చివరి ఏడేళ్లుగా ఆ మోతాదు రోజుకు 2 గ్రాములు. నాలుగేళ్ల క్రితం కడుపులో మంటకు మొదలుపెట్టిన పాంటొప్రజోల్‌ను ఆపమని ఎవరూ చెప్పకపోవడంతో అదీ రోజూ వేసుకుంటూనే ఉన్నారు. మాంసం, చేపలు, గుడ్లు తినరు, పాలు కూడా తక్కువే. నీరసంగా ఉంటోందని ఎనిమిది నెలలుగా 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా వాడుతున్నారు. చివర్లో చెప్పిన ఈ మాత్ర కేసులో ఎంత ముఖ్యమైనదో ఆ తర్వాత తెలిసింది.

తొమ్మిది నెలల క్రితం రెండు పాదాల్లోనూ తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు మొదలయ్యాయి. నెల తిరగకుండానే రెండు చేతుల వేళ్ళూ మొద్దుబారాయి. పాదాల బాధకు డయాబెటిక్ న్యూరోపతి అని, చేతుల బాధకు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని వేర్వేరు చోట్ల వేర్వేరు నిర్ధారణలు జరిగాయి. రోజంతా కత్తెర, సూది పట్టుకునే వృత్తి కాబట్టి రెండోది కూడా సహజంగానే అనిపిస్తుంది. మణికట్టుకు ఆపరేషన్ చేయించుకుంటే మంచిదన్న సలహా కూడా ఆమెకు అందింది. మంటలకు ఇచ్చిన ప్రీగాబలిన్ కొంత ఉపశమనం ఇచ్చింది కానీ, మోతాదు పెంచిన కొద్దీ పగలు కూడా మత్తుగా ఉండసాగింది.

ఆమె నా దగ్గరికి వచ్చింది మంటల కోసం కాదు, పడిపోతున్నందుకు. ఉదయం ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు వాష్ బేసిన్ దగ్గరే రెండుసార్లు తూలి పడ్డారు. "వెలుతురులో బాగానే నడుస్తాను డాక్టరు గారూ, చీకటి పడితే కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియదు, దూది మీద నడిచినట్టు ఉంటుంది," అన్నారు. చేతుల గురించి అడిగితే, కాజాలు కుట్టడం మానేశానని చెప్పారు. సూదిలో దారం ఎక్కించడానికి చూపు సరిపోతోంది, కానీ ఎక్కించిన సూది వేళ్ళ మధ్యే ఉందో, జారి ఒళ్ళో పడిందో చూస్తే తప్ప తెలియడం లేదు. గుండీలు కుట్టేటప్పుడు వేలికి సూది గుచ్చుకుంటే నొప్పి తెలుస్తోంది, సూదిని పట్టుకున్న సంగతే తెలియడం లేదు.

ఈ చివరి వాక్యం దగ్గర కొంతసేపు ఆగాలి. నొప్పి, ఉష్ణోగ్రతల సమాచారం సన్నని నాడీ తంతువుల గుండా పైకి వెళ్తుంది. సున్నితమైన స్పర్శ, కంపనం, కీళ్ళు ఏ స్థితిలో ఉన్నాయన్న సమాచారం, కరెంటు తీగ చుట్టూ ఉండే తొడుగు లాంటి మైలిన్ పొర మందంగా ఉన్న పెద్ద తంతువుల గుండా వెళ్లి, వెన్నుపాము వెనుక భాగంలోని దారిలో మెదడు వైపు ప్రయాణిస్తుంది. నొప్పి నిలిచి ఉండి, వస్తువు చేతిలో ఉన్న స్పృహ మాత్రం పోయిందంటే, దెబ్బ ప్రధానంగా ఆ రెండో దారి మీద పడిందని అర్థం. మెడ ముందుకు వంచినప్పుడు వెన్ను వెంట కిందికి ఝల్లుమని కరెంటు పాకినట్టు ఉంటోందా అని అడిగితే, బట్ట కత్తిరించడానికి తల వంచిన ప్రతిసారీ అలాగే ఉంటోందని, అది మెడనొప్పిలో భాగమనుకుని ఎవరికీ చెప్పలేదని అన్నారు. దీన్ని లెర్మిట్ లక్షణం అంటారు. మెడ దగ్గర వెన్నుపాము వెనుక భాగం దెబ్బతిన్నదనడానికి ఇది బలమైన సూచన, డయాబెటిక్ న్యూరోపతిలో ఇది రాదు.

కొన్ని నెలలుగా కొలతలు మరచిపోతోందని, రాసుకున్న కాగితాన్నే మళ్ళీ మళ్ళీ చూస్తోందని వెంట వచ్చిన కూతురు చెప్పింది. మలమూత్రాల మీద అదుపు బాగానే ఉంది. మద్యం, పొగాకు అలవాట్లు లేవు. కడుపు, పేగుల ఆపరేషన్లేవీ జరగలేదు. ఇటీవల ఆపరేషన్ కోసం ఇచ్చే మత్తుమందు ఏదీ తీసుకోలేదు.

పరీక్షలో కనిపించినవి

గదిలోకి వస్తున్నప్పుడే పాదాలు ఎడంగా వేస్తూ, చూపు నేల మీద నుంచి తిప్పకుండా, మడమలు కాస్త బలంగా మోపుతూ నడిచారు. ఒక పాదం ముందు మరో పాదం ఆనించి గీత మీద నడవమంటే రెండో అడుగు దగ్గరే పక్కకు ఒరిగిపోయారు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమంటే కళ్ళు తెరిచి ఉన్నంతసేపు నిలబడగలిగారు, మూయగానే తూలడం మొదలైంది, పట్టుకోకపోతే పడిపోయేవారు. ఈ రోంబర్గ్ పరీక్ష చేసేటప్పుడు వైద్యుడు చేయి చాచి పక్కనే నిలబడాలి. మనిషి నిలబడడానికి కళ్ళు, లోపలి చెవి, పాదాల నుంచి వచ్చే స్థాన జ్ఞానం అనే మూడింటిలో కనీసం రెండు పనిచేయాలి. చీకటిలో గానీ, సబ్బు వల్ల గానీ చూపు ఆగిపోయినప్పుడు ఆమె పడిపోవడానికి కారణం మూడోది పనిచేయకపోవడమే.

128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కంపనం కాలి బొటనవేళ్ళ దగ్గర, చీలమండల దగ్గర, మోకాళ్ళ దగ్గర అసలు తెలియలేదు, తుంటి ఎముక దగ్గర కాస్త తెలిసింది. చేతి వేళ్ళ చివర బాగా తగ్గింది. బొటనవేలిని పైకి, కిందికి కదిపి ఎటు కదిలిందో చెప్పమంటే ఎక్కువసార్లు తప్పు చెప్పారు. ఈ పరీక్షలో వేలిని పైనా కిందా కాక రెండు పక్కలా పట్టుకోవాలి, లేకపోతే వేలి మీద పడే ఒత్తిడిని బట్టి రోగి సరైన జవాబు చెప్పేస్తారు, లోపం ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. కళ్ళు మూసుకుని చేతులు చాచమన్నప్పుడు ఆమె వేళ్ళు తమంతట తామే నెమ్మదిగా పైకీ కిందికీ జరిగాయి, ఆ కదలిక ఆమెకు తెలియదు. సూది మొనతో చేసిన పరీక్షలో మాత్రం స్పర్శ చీలమండలకు కొద్దిగా పై వరకే తగ్గింది.

ఇక రిఫ్లెక్సులు, అంటే సుత్తితో తట్టగానే కండరం తనంతట తానే కదలడం. చీలమండ రిఫ్లెక్స్ రెండు వైపులా లేదు. మోకాలి రిఫ్లెక్స్ రెండు వైపులా మామూలు కన్నా చురుకుగా ఉంది. అరికాలి బయటి అంచున మడమ నుంచి వేళ్ళ వైపు గీసినప్పుడు రెండు బొటనవేళ్ళూ పైకి లేచాయి. 1896లో బాబిన్‌స్కీ వివరించిన ఈ గుర్తు పెద్దవారిలో కనిపిస్తే, మెదడు నుంచి వెన్నుపాము ద్వారా కిందికి వచ్చే కదలికల దారి దెబ్బతిన్నదని అర్థం. కాళ్ళ కండరాలు కొద్దిగా బిగుసుకుని ఉన్నాయి, తుంటి వంచే శక్తి స్వల్పంగా తగ్గింది. నాలుక ఎర్రగా, నున్నగా ఉంది. కంటి నరం, రెటీనా బాగున్నాయి. మణికట్టు మీద తట్టినా, వంచి ఉంచినా చేతి తిమ్మిర్లు పెరగలేదు.

ఈ గుర్తులు ఏం చెబుతున్నాయి

చీలమండ రిఫ్లెక్స్ పోవడం, మోకాలి రిఫ్లెక్స్ పెరగడం, బొటనవేలు పైకి లేవడం అనే మూడూ ఒకే మనిషిలో కలిసి ఉన్నప్పుడు జబ్బు ఒక చోట లేదు, రెండు చోట్ల ఉంది. రిఫ్లెక్స్ పూర్తిగా పోయిందంటే కాలికి వెళ్లే నరం దెబ్బతిని ఉండాలి. అది పెరిగిందంటే, బొటనవేలు పైకి లేచిందంటే, వెన్నుపాము దెబ్బతిని ఉండాలి. డయాబెటిక్ న్యూరోపతి ఎంత ముదిరినా రిఫ్లెక్సులను తగ్గిస్తుందే తప్ప పెంచదు, బాబిన్‌స్కీ గుర్తును తీసుకురాదు. కాబట్టి మధుమేహం ఈ చిత్రంలో కొంత భాగానికి కారణం కావచ్చునేమో గానీ, మొత్తానికి కారణం కాలేదు.

లక్షణాలు పాకిన క్రమం కూడా మధుమేహానికి సరిపడలేదు. మధుమేహం ముందుగా అతి పొడవైన నరాలను దెబ్బతీస్తుంది, అందుకే తిమ్మిరి కాలివేళ్ళలో మొదలై, ఏళ్ల తరబడి నెమ్మదిగా పైకి పాకి, మోకాళ్ళ దగ్గరికి చేరుకునే సమయానికి చేతి వేళ్ళలో కనిపిస్తుంది. ఈమెకు పాదాల్లో మొదలైన నెలలోపే చేతుల్లో వచ్చింది. పైగా చక్కెర అదుపులో ఉంది, రెటీనా బాగుంది, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం లేదు. కళ్ళనూ మూత్రపిండాలనూ తాకని మధుమేహం నరాలను మాత్రం ఇంత వేగంగా పాడుచేయడం అసాధారణం.

చేతుల విషయానికి వస్తే, కార్పల్ టన్నెల్‌లో మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోతుంది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారతాయి, చిటికెన వేలు మిగులుతుంది, బాధ రాత్రిళ్ళు ఎక్కువై నిద్ర లేపుతుంది, చేయి విదిలిస్తే కాస్త తగ్గుతుంది. ఈమెకు అయిదు వేళ్ళూ సమానంగా మొద్దుబారాయి, రాత్రి పగలు తేడా లేదు.

నరాల వ్యాధుల్లో లక్షణాలు ఎక్కడ ఉన్నాయన్నదానితో పాటు ఎంత వేగంగా వచ్చాయన్నదీ సగం సమాధానం ఇస్తుంది. క్షణాల్లో, నిమిషాల్లో ఒక వైపు ముఖం, చేయి, కాలు మొద్దుబారితే లేదా చచ్చుబడితే పక్షవాతమని భావించి అప్పటికప్పుడే ఆసుపత్రికి పరుగెత్తాలి. కొద్ది రోజుల్లోనే బలహీనత పాదాల నుంచి పైకి పాకుతూ రిఫ్లెక్సులన్నీ పోతే గులియన్-బారే సిండ్రోమ్‌ను అనుమానించాలి. అది గరిష్ఠ స్థాయికి నాలుగు వారాలలోపే చేరుతుంది, ఊపిరి తీసుకునే కండరాలను కూడా తాకవచ్చు కాబట్టి ఇంటి దగ్గర వేచి చూడడం ప్రమాదం. నడుము నొప్పితో పాటు తొడల మధ్య స్పర్శ పోయి మూత్రం ఆగిపోతే వెన్నెముక చివర నరాల కట్ట నొక్కుకుపోతున్నట్టే, అదీ అత్యవసరమే. నెలల మీద నెమ్మదిగా, రెండు వైపులా సమానంగా, నరాన్నీ వెన్నుపామునీ కలిపి తాకే వ్యాధుల జాబితా అంత పొడవైనది కాదు.

నా మనసులో మొదట ఉన్నది విటమిన్ బి12 లోపం వల్ల వచ్చే వెన్నుపాము క్షీణత. 1900లో రస్సెల్, బాటెన్, కొలియర్ అనే ముగ్గురు వైద్యులు వెన్నుపాము వెనుక, పక్క దారులు రెండూ కలిసి క్షీణించే ఈ వ్యాధిని వివరించి, సబ్ అక్యూట్ కంబైన్డ్ డీజనరేషన్ అన్న పేరును స్థిరపరిచారు. దాంతో పాటు తోసిపుచ్చాల్సినవి మరికొన్ని ఉన్నాయి. మెడ ఎముకల అరుగుదల వల్ల వెన్నుపాము నొక్కుకుపోయి, దానికి తోడు మధుమేహ న్యూరోపతి కూడా ఉంటే అచ్చం ఇదే చిత్రం రావచ్చు. ఈ వయసులో ఆ రెండూ సాధారణమే, నొక్కుడుకు ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి దీన్ని ఊహతో వదిలేయకూడదు. రాగి లోపం బి12 లోపాన్ని అన్ని విధాలా పోలి ఉంటుంది, కడుపు ఆపరేషన్ల తర్వాత, జింక్ ఎక్కువగా వాడినవారిలో వస్తుంది. హెచ్‌ఐవీ, సిఫిలిస్ కూడా వెన్నుపాము వెనుక భాగాన్ని తాకుతాయి, అయితే సిఫిలిస్‌లో మోకాలి రిఫ్లెక్స్ పెరగదు, పోతుంది.

ప్రయోగశాల ఫలితాలు

హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.1 గ్రాములు. ఎర్ర కణాల సగటు పరిమాణం 97 ఫెమ్టోలీటర్లు, అంటే సాధారణ పరిధిలోనే ఉంది. బి12 లోపం అనగానే రక్తహీనత, పెద్ద ఎర్ర కణాలు ఉండాలని వెతికే అలవాటు వల్ల ఇలాంటివారు తప్పిపోతారు. బి12 లోపంతో నరాల, మానసిక సమస్యలు వచ్చినవారిని పరిశీలించి 1988లో లిండెన్‌బామ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, 141 మందిలో 40 మందికి రక్తహీనత గానీ పెద్ద ఎర్ర కణాలు గానీ లేవు. ఈమె విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. బి12 లేకపోయినా ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో అందితే ఎముక మజ్జలో రక్త కణాల తయారీ చాలావరకు సరిపడిపోతుంది, నరాలకు మాత్రం దానివల్ల ఏ మేలూ జరగదు. రక్తం బాగుపడుతుండగా వెన్నుపాము క్షీణిస్తూ పోవడాన్ని 1940ల చివర్లోనే వైద్యులు గమనించారు. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే నెలల తరబడి ఇవ్వడం ప్రమాదకరమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

రక్తంలో బి12 మిల్లీలీటరుకు 118 పికోగ్రాములు ఉంది, ఆ ప్రయోగశాల కనిష్ఠ పరిమితి 200. బి12 తగ్గినప్పుడు రక్తంలో పేరుకునే పదార్థాలు రెండు ఉన్నాయి. వాటిలో హోమోసిస్టీన్ లీటరుకు 46 మైక్రోమోల్స్ ఉంది, 15 లోపు ఉండాలి. మిథైల్ మలోనిక్ యాసిడ్ సాధారణ స్థాయికి అయిదు రెట్లు ఉంది. బి12 స్థాయి 200 నుంచి 300 మధ్య ఉండి సందేహం మిగిలినవారిలో ఈ రెండు పరీక్షల విలువ ఇంకా ఎక్కువ. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో ఈ రెండూ వాటంతటవే పెరుగుతాయి కాబట్టి, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ చూశాకే వాటిని అర్థం చేసుకోవాలి. ఈమెకు అది మామూలుగానే ఉంది. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.9 శాతం. థైరాయిడ్, రాగి సాధారణం, హెచ్‌ఐవీ, సిఫిలిస్ లేవు. బి12 శోషణకు కడుపు తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌కు వ్యతిరేక యాంటీబాడీలు లేవు, అయితే అవి లేనంత మాత్రాన, శరీరపు సొంత రక్షణ వ్యవస్థే ఆ ఫ్యాక్టర్‌ను అందకుండా చేసి బి12 లోపం తెచ్చే పెర్నీషియస్ అనీమియాను పూర్తిగా తోసిపుచ్చలేం.

నర్వ్ కండక్షన్ పరీక్షలో పిక్క వెనుక ఉండే సూరల్ నరం నుంచి సంకేతం రాలేదు, కాళ్ళ కదలిక నరాల సంకేతాల పరిమాణం తగ్గింది, వేగం పెద్దగా తగ్గలేదు. అంటే ఆక్సాన్లు, మైలిన్ పొర లోపల సంకేతాన్ని మోసే పోగులు, దెబ్బతిన్నాయి. మణికట్టు దగ్గర మీడియన్ నరంలో ఆలస్యం లేదు, కార్పల్ టన్నెల్ లేదు, ఆపరేషన్ అవసరమూ లేదు. అయితే కాళ్ళలో కనిపించిన ఈ మార్పులు డయాబెటిక్ న్యూరోపతిలో కనిపించే వాటి లాంటివే. సుత్తితో పరీక్షించకుండా ఈ నివేదిక ఒక్కటే చదివితే ఎవరైనా మధుమేహ నిర్ధారణ ఖాయమైందనే అనుకుంటారు. ఈ పరీక్ష వెన్నుపాము లోపల ఏం జరుగుతోందో చూపదు, నొప్పిని మోసే సన్నని తంతువులనూ కొలవలేదు. నివేదిక నార్మల్ అని వచ్చినా అరికాళ్ళు మండేవారు ఉన్నారు, నివేదికలో లోపం ఉన్నా అసలు జబ్బు మరో చోట ఉన్నవారు ఉన్నారు.

మెడ ఎం.ఆర్.ఐ.లో రెండో వెన్నుపూస నుంచి ఆరో వెన్నుపూస వరకు వెన్నుపాము వెనుక భాగం తెల్లగా మెరిసింది, అడ్డుకోతలో అది తలకిందులైన వి అక్షరం ఆకారంలో కనిపించింది. వెన్నుపాముపై ఎక్కడా ఒత్తిడి లేదు.

లోపం ఎలా వచ్చింది, నరాన్ని ఎలా దెబ్బతీసింది

ఆహారంలోని బి12 ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. కడుపులోని ఆమ్లం, పెప్సిన్ దాన్ని విడదీయాలి. కడుపు గోడ తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరి భాగానికి చేర్చాలి, అక్కడి కణాలు కాల్షియం సాయంతో దాన్ని లోపలికి తీసుకోవాలి. పాంటొప్రజోల్ మొదటి దశలో ఆమ్లాన్ని తగ్గించింది. మెట్‌ఫార్మిన్ చివరి దశలో శోషణను తగ్గిస్తుంది, కాల్షియం మీద ఆధారపడే ప్రక్రియకు అడ్డుపడడమే దానికి కారణమని ఎక్కువ మంది భావిస్తున్నారు. ఆహారంలో వచ్చేది ముందే తక్కువ. పెద్దవారికి రోజుకు కావలసినది 2.4 మైక్రోగ్రాములే, కాలేయంలో నిల్వ కొన్ని మిల్లీగ్రాములు ఉంటుంది, అందుకే శోషణ తగ్గిన తర్వాత కూడా లక్షణాలు బయటపడడానికి ఏళ్లు పడుతుంది. మందు మొదలుపెట్టి ఇన్నేళ్లయింది కదా, ఇప్పుడెందుకు వస్తుందని రోగి అడిగే ప్రశ్నకు జవాబు ఈ నిల్వలోనే ఉంది.

మన శరీరంలో బి12 అవసరమైన ఎంజైములు రెండే. ఒకటి హోమోసిస్టీన్‌ను మెథియోనిన్‌గా మారుస్తుంది, మైలిన్ పొరను నిలబెట్టే మిథైల్ సమూహాలు దాని నుంచే అందుతాయి. రెండోది మిథైల్ మలోనిల్ కోఎంజైమ్-ఏను శక్తినిచ్చే దారిలోకి పంపుతుంది. అందుకే లోపం ఉన్నప్పుడు హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ రెండూ పేరుకుంటాయి. వెన్నుపాములోని మందమైన మైలిన్ తంతువులు ముందుగా ఉబ్బి, పొర ఊడి, చికిత్స ఆలస్యమైతే లోపలి ఆక్సాన్ కూడా నశిస్తుంది. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తువాయువు బి12లోని కోబాల్ట్‌ను ఆక్సీకరణం చేసి పనికిరాకుండా చేస్తుంది. అప్పటికే లోపం ఉన్న మనిషికి ఆపరేషన్‌లో అది ఇస్తే కొద్ది వారాల్లోనే వెన్నుపాము లక్షణాలు బయటపడవచ్చు. ఈమెకు సూచించిన మణికట్టు ఆపరేషన్ జరగకపోవడం ఆ రకంగా కూడా మంచిదైంది.

చికిత్స

రక్త నమూనాలు తీసుకున్న రోజే, ఫలితాల కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాం. హైడ్రాక్సోకోబాలమిన్ 1000 మైక్రోగ్రాములు కండరానికి, మూడు వారాల పాటు రోజు విడిచి రోజు ఇచ్చి, మెరుగుదల కొనసాగుతున్నందున అలాగే పొడిగించి, అది నిలకడకు వచ్చాక రెండు నెలలకు ఒకసారికి మార్చాం. ఎక్కువ మోతాదు మాత్రల్లో సుమారు ఒక శాతం ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ సాయం లేకుండానే శరీరంలోకి చేరుతుంది, నరాల లక్షణాలు లేనివారికి అది సరిపోవచ్చు. వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు మాత్రం నేను మాత్రల మీద ఆధారపడను.

బి12 నిల్వలు నిండే వరకు ఫోలిక్ యాసిడ్ ఆపాం. పాంటొప్రజోల్ కొనసాగించడానికి కారణం ఏదీ లేదు కాబట్టి క్రమంగా మాన్పించాం. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం పూర్తిగా తీసేయలేదు. అది చక్కెరను బాగా అదుపులో ఉంచుతోంది, శోషణ లోపాన్ని ఇంజెక్షన్ దాటిపోతుంది, కాబట్టి మోతాదు సగానికి తగ్గించి ఉంచాం. ఇలాంటి కేసు విన్న వెంటనే కొందరు మెట్‌ఫార్మిన్‌ను సొంతంగా ఆపేస్తారు, అది సరికాదు. చేయవలసింది బి12 చూసుకుంటూ ఉండడం. మెట్‌ఫార్మిన్ వల్ల బి12 తగ్గడం సాధారణ దుష్ప్రభావమేనని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022లో ప్రకటించి, లక్షణాలు ఉన్నవారికి పరీక్ష చేయమని వైద్యులకు సూచించింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా దీర్ఘకాలం వాడేవారిలో, ముఖ్యంగా రక్తహీనత లేదా న్యూరోపతి ఉన్నవారిలో, అప్పుడప్పుడూ పరీక్షించాలని చెబుతోంది.

మొదటి రెండు వారాల్లో అరికాళ్ళ మంటలు పెరిగాయి. కోలుకోవడం మొదలైన నరాల్లో ఇలా జరగవచ్చని ముందే చెప్పి ఉంచడం వల్ల ఆమె ఇంజెక్షన్లు మానలేదు. ప్రీగాబలిన్‌ను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాం. ఫిజియోథెరపీలో బలం కన్నా తూకం మీద ఎక్కువ దృష్టి పెట్టారు. గట్టి గోడ మూలలో నిలబడి మొదట కళ్ళు తెరిచి, తర్వాత మూసి సాధన చేయించారు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రంతా చిన్న దీపం, మడమ చుట్టూ బిగుతుగా పట్టుకునే పాదరక్షలు, రోజూ అరికాళ్ళను కంటితో చూసుకోవడం వంటి జాగ్రత్తలు మందులతో పాటే మొదలయ్యాయి.

కోలుకున్న తీరు

ఆరో వారానికి మెడ వంచినప్పటి ఝల్లు పోయింది, నాలుక మామూలు రంగుకు వచ్చింది. కొలతలు గుర్తుంటున్నాయని కూతురు చెప్పింది. మూడో నెలకు చిన్న దీపం వెలుగులో పట్టు లేకుండా నడిచారు. ఆరో నెలకు కళ్ళు మూసుకుని నిలబడితే తూలుతున్నారు గానీ పడడం లేదు, మోకాళ్ళ దగ్గర కంపనం తెలుస్తోంది, ఎడమ బొటనవేలు కిందికి వంగుతోంది, ఎం.ఆర్.ఐ.లో తెల్లని గీత బాగా మసకబారింది, హోమోసిస్టీన్ 11కి దిగింది. ఏడాదికి కుట్టుమిషన్ పని పూర్తిగా చేసుకుంటున్నారు. కాజాలు మళ్ళీ కుడుతున్నారు, కానీ చూపు సూది మీద నుంచి తీయలేరు.

తిరిగి రానివి కూడా ఉన్నాయి. చీలమండ రిఫ్లెక్స్ రాలేదు. కాలివేళ్ళలో కంపనం ఇప్పటికీ తెలియదు. కుడి బొటనవేలు ఇంకా పైకే లేస్తోంది. దెబ్బతిన్న నరం కోలుకోవడంలో ఉన్న తేడాలు దీన్ని వివరిస్తాయి. మైలిన్ పొర మాత్రమే పోయి ఆక్సాన్ మిగిలి ఉంటే పొర మళ్ళీ ఏర్పడుతుంది, సంకేతం వారాల్లో, నెలల్లో తిరిగి ప్రవహిస్తుంది. చేతులు కాళ్ళలో ఆక్సాన్ తెగినా లేదా నశించినా, దాని చుట్టూ ఉన్న కణాలు దారి చూపగలిగితే, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున అది మళ్ళీ పెరగగలదు. అయితే వెన్నుపాము నుంచి పాదం వరకు ఉన్న దూరం దాదాపు ఒక మీటరు, అంత దూరం పెరిగేలోపు చాలా ఆక్సాన్లు గమ్యం చేరవు. వెన్నుపాము లోపల నశించిన ఆక్సాన్‌కు అలా పొడవునా తిరిగి పెరిగే శక్తి లేదు. ఈమెకు మొదటి ఆరు నెలల్లో వచ్చిన మెరుగుదల ఎక్కువగా మైలిన్ తిరిగి ఏర్పడడం వల్ల వచ్చింది, మిగిలిపోయిన లోపం అప్పటికే నశించిన ఆక్సాన్లది. చికిత్స ఎంత ఆలస్యమైతే మొదటి భాగం అంత తగ్గి, రెండో భాగం అంత పెరుగుతుంది. లక్షణాలు మొదలైన తర్వాత తొమ్మిది నెలలు ఆలస్యమైన ఈ కేసులో ఇంత మెరుగుదల రావడం ఊరటనిచ్చేదే, కానీ మూడో నెలలోనే ఎవరైనా ఆమె అరికాలిని గీసి చూసి ఉంటే ఇంకా ఎక్కువ నిలిచేదని నేను నమ్ముతున్నాను.

1926లో మైనాట్, మర్ఫీ కాలేయాన్ని ఆహారంగా ఇచ్చి పెర్నీషియస్ అనీమియా రోగులను బతికించగలమని చూపించే వరకు, దానితో పాటు వచ్చే ఈ వెన్నుపాము వ్యాధికి మందు లేదు. జార్జ్ విప్పల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి వారికి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది, కాలేయంలో ఉన్న ఆ పదార్థం బి12 అని 1948లో దాన్ని వేరుచేశాకే తెలిసింది. ఇప్పుడు ఆ మందు తేలికగా దొరుకుతుంది, పరీక్ష రక్తం చుక్కలతో అయిపోతుంది. మిగిలిన అడ్డంకి అనుమానం రాకపోవడం ఒక్కటే. అందుకే మధుమేహం ఉండి పాదాలు మొద్దుబారినవారిని నేను చూసినప్పుడు, చేతులు ముందుగానే మొద్దుబారినా, చీకటిలో తూలుతున్నా, మతిమరుపు తోడైనా, మోకాలి రిఫ్లెక్స్ చురుకుగా ఉన్నా, మధుమేహం ఇతర అవయవాలను తాకకుండా నరాలనే తాకినట్టు కనిపించినా, చక్కెర నివేదికతో తృప్తి పడను. మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా వాడుతున్నారో, దానితో పాటు ఆమ్లం తగ్గించే మాత్రలు వాడుతున్నారో, ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్కులు తాగుతున్నారో అడిగి, బి12 చూస్తాను.

ఆమె ప్రస్తుతం రెండు నెలలకొకసారి ఇంజెక్షన్ తీసుకుంటున్నారు. అది జీవితాంతం కొనసాగాలని ఆమెకూ కూతురికీ స్పష్టంగా చెప్పాం, ఎందుకంటే బాగుందనిపించగానే ఆపేస్తే కొన్నేళ్ల తర్వాత లోపం మళ్ళీ బయటపడవచ్చు. ఇంజెక్షన్ తీసుకునేవారిలో రక్తంలో బి12 స్థాయి ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది కాబట్టి చికిత్స ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి దాన్ని మళ్ళీ మళ్ళీ చేయించడం లేదు. ఆరు నెలలకొకసారి రోంబర్గ్ పరీక్ష, ట్యూనింగ్ ఫోర్క్, రిఫ్లెక్సులు, ఏడాదికొకసారి హోమోసిస్టీన్, వాటితో పాటు మధుమేహానికి కావలసిన కంటి, మూత్ర, పాదాల పరీక్షలు చేస్తున్నాం.